టెక్ సందేహాలు: పండక్కి రమ్మీ నేర్చుకోవాలి, ఏ యాప్ మంచిది?

ఈ వారం వచ్చిన మెయిల్స్‌లో సగం పైనే పేక ముక్కల గురించి ఉన్నాయి, సంక్రాంతి దగ్గర పడుతోంది కదా, అందుకే అనుకుంటా. మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి ఈసారి మొత్తం రమ్మీకే ఇచ్చేస్తున్నా. ప్రింటర్ వైఫైకి కనెక్ట్ అవ్వట్లేదని రాసినవాళ్లు ఇంకో వారం ఆగండి, తప్పకుండా చెప్తాను.

ప్రశ్న: సార్, నాకు శ్రావణంలో పెళ్లయింది, అత్తగారిది భీమవరం. పండక్కి అక్కడ అందరూ చాప వేసుకుని 13 ముక్కలాట ఆడతారట, పుట్టింట్లో మమ్మల్ని పేక ముట్టుకోనిచ్చేవాళ్లు కాదు, నాకు ఆసు ఏదో జాకీ ఏదో కూడా సరిగ్గా తెలీదు. నెల రోజుల్లో ఫోన్‌లో నేర్చుకోవడానికి మంచి యాప్ చెప్పండి.

జవాబు: యాప్ చెప్తాను గానీ అమ్మా, ముందు రెండు పేకలు కొనుక్కోండి. రెండూ కలిపి 104 ముక్కలు, అందులో రెండు బొమ్మ జోకర్లు వేస్తే 106, ఇదే మీరు పండక్కి చూడబోయే కట్ట. ఇస్పేటు, కళావరు నల్లవి, ఆఠీను, డైమండు ఎర్రవి, ఆటలో ఈ నాలుగింటినీ రంగులంటారు, ఒక్కో రంగులో ఆసు (A), 2 నుంచి 10, జాకీ (J), రాణి (Q), రాజు (K), మొత్తం 13, రెండు పేకలు కాబట్టి ప్రతి ముక్కా రెండేసి ఉంటాయి. ఈ "రెండేసి" అన్నది బాగా గుర్తు పెట్టుకోండి, ఆటలో లెక్కంతా దాని మీదే నడుస్తుంది.

ముందు యాప్ ఎందుకు వద్దంటున్నానంటే, రమ్మీ యాప్‌లు చాలా వాటిలో ముక్కలు పడగానే సార్ట్ అనే బటన్ ఉంటుంది, అది నొక్కితే రంగుల వారీగా అదే సర్దేస్తుంది, మీరు మూడు ముక్కలు పక్కపక్కన పెడితే కింద ప్యూర్ సీక్వెన్స్ (జోకర్ లేని వరస) అని పేరు కూడా అదే రాసి చూపిస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి అసలు కష్టం అక్కడే ఉంది, ఆ కష్టాన్ని యాప్ మీ చేతిలోంచి తీసేసుకుంటోంది. నెలంతా అలా ఆడి చాప మీద కూర్చుంటే కింద పేరు రాసి చూపించేవాళ్లు ఎవరూ ఉండరు, ఆట అయిపోయిందని ధైర్యంగా ముక్కలు చూపించి షో కొట్టేస్తారు, అందులో లైఫ్, అదే ప్యూర్ సీక్వెన్స్, లేదని తేలుతుంది, రాంగ్ షోకి 80 పాయింట్ల పెనాల్టీ పడుతుంది. మా అమ్మమ్మ నాకు నేర్పినప్పుడు తన ముక్కలూ నా ముక్కలూ అన్నీ వెల్లకిలా పరిచి ఆడించేది, ఏ ముక్క ఎందుకు వేస్తోందో పైకి చెప్తూ వేసేది, వారం రోజులు అలాగే ఆడాం. నాకు తెలిసి అంతకంటే మంచి పద్ధతి లేదు, మీ ఆయనకి ఆట వస్తే ఆయనతో అలా నాలుగు రోజులు ఆడండి.

ఆట ఇదీ. అందరికీ 13 ముక్కలు పంచుతారు, ఒక ముక్క తీసి జోకర్‌గా పెడతారు, ఉదాహరణకి అది కళావరు 6 అయితే ఏ రంగు 6 అయినా జోకరే, అంటే లేని ముక్క బదులు వాడుకోవచ్చు. మీ వంతు వచ్చినప్పుడు మూసిన కట్ట నుంచి గానీ పక్కన పడ్డ ఓపెన్ ముక్క గానీ ఒకటి తీసుకుని ఒకటి వేయాలి. మొత్తం 13 ముక్కలూ వరసలుగానో సెట్లుగానో కలిస్తే షో. ఒకే రంగులో వరసగా మూడు, జోకర్ సాయం లేకుండా కుదిరితే దాన్నే లైఫ్ అంటారు, అది లేకపోతే మిగతాదంతా ఎంత అందంగా సర్దుకున్నా పనికిరాదు. రెండో వరసలో జోకర్ వాడుకోవచ్చు. ఆ రెండూ అయ్యాక మిగిలినవి సెట్లు కావచ్చు, అంటే ఒకే అంకె వేరు వేరు రంగుల్లో. ఇక్కడ కొత్తవాళ్లు బాగా పొరపాటు పడతారు, రెండు పేకలు కాబట్టి ఆఠీను 7 రెండు వస్తాయి, వాటికి ఇస్పేటు 7 కలిపి సెట్ అనుకుంటారు, అది సెట్ కాదు, ఏ రంగూ రెండుసార్లు రాకూడదు.

ఇప్పుడు నేను చెప్పే లెక్క ఒక్కటి ఒంటబడితే సగం ఆట వచ్చినట్టే. చేతిలో ఆఠీను 6, 7 ఉన్నాయనుకోండి, 5 వచ్చినా 8 వచ్చినా లైఫే, అవి రెండేసి కాబట్టి కట్టలో మీకు పనికొచ్చేవి 4 ముక్కలు. అదే 6, 8 ఉంటే మధ్యలో 7 ఒక్కటే దిక్కు, అంటే 2 ముక్కలే. ఆసు, రెండు ఉన్నా అంతే, 3 కోసం కూర్చోవాలి, 2 ముక్కలే. ఇక రెండు రంగుల 9లు జతగా ఉంటే మిగతా రెండు రంగుల్లోవి పనికొస్తాయి కాబట్టి 4 ముక్కలు, కానీ అది సెట్టే అవుతుంది, దానితో లైఫ్ రాదు. అందుకని మొదట్లో 6, 7 లాంటి జతని 9, 9 కంటే ముద్దుగా చూసుకోవాలి. ఈ తేడా యాప్ ఏదీ చెప్పదు, చెప్తే బాగుండు అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఒక్కరే కూర్చుని చేసే సాధన ఒకటుంది. 13 ముక్కలు మీకే పంచుకుని, కట్టలోంచి ఒకటి తీస్తూ ఒకటి వేస్తూ, లైఫ్ పడటానికి ఎన్ని చేతులు పట్టిందో కాగితం మీద రాసుకోండి, రోజుకి పదిసార్లు, ఫోన్ పక్కన పెట్టి. వారం తిరిగేసరికి కళ్లే వరసల్ని వెతకడం మొదలుపెడతాయి.

అప్పుడు యాప్ పెట్టుకోండి. ఎంచుకునేటప్పుడు పేరు చూడక్కర్లేదు, ఇన్‌స్టాల్ చేసి ఫ్లైట్ మోడ్ ఆన్ చేసి తెరవండి, నెట్ లేకుండా కంప్యూటర్‌తో ఆడనిస్తే ఉంచుకోండి, లేకపోతే తీసేయండి. కాంటాక్ట్స్, ఎస్సెమ్మెస్ పర్మిషన్ అడిగితే ఇంకో ఆలోచన లేదు, తీసేయడమే, పేకాటకి మీ ఎస్సెమ్మెస్‌లతో పనేంటి. సార్ట్ బటన్ జోలికి పోకండి, ముక్కలు వేలితో లాగి మీరే సర్దుకోండి. ఇంకోటి, ఎదుటివాళ్లు ఓపెన్‌లోంచి ఏం తీసుకున్నారో చూడటం యాప్‌లో బాగా అలవాటవుతుంది, మీ తర్వాత ఆడేవాళ్లు ఇస్పేటు 9 ఎత్తుకున్నారంటే మీ చేతిలోని ఇస్పేటు 8, 10 వాళ్లకి ఇవ్వకండి.

వెళ్లేముందు అత్తయ్యగారిని అడిగి తెలుసుకోండి: మీ ఇంట్లో ఒక్క లైఫ్ చాలా రెండో వరస కూడా ఉండాలా, రాజు, రాణి, జాకీ, ఆసు అన్నిటికీ పది పాయింట్లేనా, ఆసుని రాణి, రాజు పక్కన కూడా పెట్టొచ్చా, బొమ్మ జోకరే జోకర్‌గా పడితే ఆసులు జోకర్లవుతాయా. ఒక్కో ఇంట్లో ఒక్కో పద్ధతి, యాప్‌లో ఇలా ఉంది అంటే అక్కడ చెల్లదు. అడగడం వల్ల ఇంకో మంచి కూడా ఉంది, నేర్చుకుంటున్నావా అమ్మా అని ఆవిడే పక్కన కూర్చోబెట్టుకుంటారు.

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం, అమ్మానాన్నలు కాకినాడలో. ఈ పండక్కి రాలేకపోతున్నాం. వాట్సాప్ వీడియో కాల్‌లో రమ్మీ ఆడదామని చూశాం, రెండువైపులా చెరో పేక పెట్టుకుంటే అస్సలు కుదరలేదు. దారి ఉందా? పిల్లలకి కూడా నేర్పాలని ఉంది.

జవాబు: కుదరదు మరి, పంచాల్సింది ఒకే కట్ట కదా. ప్లేయింగ్‌కార్డ్స్ డాట్ ఐఓ అని ఒక వెబ్‌సైట్ ఉంది, బ్రౌజర్‌లో తెరిస్తే చాలు, అక్కడ ఒక రూమ్ తెరిచి ఆ లింక్ ఫ్యామిలీ గ్రూప్‌లో పెడితే అందరికీ ఒకే టేబుల్ కనపడుతుంది, ఎవరి చేతి ముక్కలు వాళ్లకే కనపడతాయి. ముందురోజే మీరు కూర్చుని కట్ట, జోకర్లు, ఓపెన్ ముక్కల చోటు సెట్ చేసిపెట్టుకోండి, కాల్‌లో అందరూ ఉండగా మొదలుపెడితే పెద్దవాళ్లకి విసుగొస్తుంది. నాకు ఇందులో నచ్చిందేంటంటే దానికి రూల్స్ ఏమీ తెలీవు, ముక్కలు కదిలించడానికి మాత్రమే ఉంది, తప్పు షో కొడితే అది పట్టుకోదు, మీ నాన్నగారే పట్టుకోవాలి, వాదన అయితే మీరే తేల్చుకోవాలి, అంటే అచ్చం ఇంట్లో ఆడినట్టే.

కాకినాడలో ముక్కలకి ఒక ట్యాబ్, మాటలకి ఫోన్ విడిగా పెట్టించండి. ఒకే ఫోన్‌లో కాల్ చిన్నది చేసి దాని వెనక ముక్కలు చూడమంటే పెద్దవాళ్ల వల్ల కాదు, ఏదో ఒకటి నొక్కితే కాల్ కట్ అవుతుంది, ఆ తర్వాత ఆట మీద మనసు పోతుంది. జనవరిలో మీకూ కాకినాడకీ పదకొండున్నర గంటల తేడా, అక్కడ ఆదివారం పొద్దున్న 8 అంటే మీకు శనివారం రాత్రి 8:30, పిల్లలు కూడా మెలకువగా ఉంటారు, నాకైతే అదే మంచి టైమ్ అనిపిస్తోంది. మార్చిలో మీ గడియారాలు ముందుకి జరిగాక తేడా పదిన్నర అవుతుంది, ఆ వారం అమ్మకి ముందే చెప్పండి, లేకపోతే మీ రాత్రి 8:30కి ఖాళీ స్క్రీన్ ముందు మీరే గంటసేపు కూర్చోవాలి.

పిల్లలకి నేరుగా రమ్మీ కష్టమైతే రమ్మీకబ్ అనే పలకల ఆట పెట్టెతో మొదలుపెట్టండి, మీ దగ్గర సులువుగానే దొరుకుతుంది. రొమేనియాలో పుట్టి ఇజ్రాయెల్‌లో స్థిరపడ్డ ఎఫ్రాయిం హెర్జానో తయారుచేసిన ఆట, 1980లో జర్మనీలో ఆ ఏటి మేటి ఆటగా అవార్డు కూడా వచ్చింది. అందులో పలకలు ఎన్నో తెలుసా, 106! నాలుగు రంగులు, 1 నుంచి 13 అంకెలు, రెండేసి, పైన రెండు జోకర్లు, అంటే మన రెండు పేకల కట్టే బిళ్లల మీదకి ఎక్కింది. అందులో వరసలు చేతిలో దాచుకోకుండా టేబుల్ మీదే పేరుస్తారు, మొదటిసారి దించడానికి 30 పాయింట్లు కావాలి, ఇంకొకరు పేర్చినవాటిని విడదీసి కొత్తగా కలపొచ్చు. అన్నీ బయటే ఉంటాయి కాబట్టి పిల్లాడు ఎక్కడ తప్పు చేస్తున్నాడో మీకు కనపడుతుంది, వరస, సెట్, జోకర్ ఈ మూడూ అర్థమయ్యాక 13 ముక్కలు చేతికివ్వండి.

ప్రశ్న: అన్నా, మాది వరంగల్. మా బాపు రిటైర్ అయిన కాన్నుంచి ఫోన్ల రమ్మీ ఆడుతుండు. ప్లే స్టోర్ల లేని యాప్, ఎవరో వాట్సాప్ల లింక్ పంపితే ఎక్కించుకుండు, బోనస్ ఇస్తరట. అది మంచిదేనా?

జవాబు: కాదు తమ్ముడూ, ఇవాళే తీయించు. మా చుట్టాల్లో ఒకాయన ఇలాగే బోనస్ అని మొదలుపెట్టి కూతురి పెళ్లికి దాచిన చీటీ డబ్బుల దాకా పోగొట్టుకున్నాడు, ఇంట్లో తెలిసేసరికి ఏడాది దాటిపోయింది, ఆ ఇల్లు ఇంకా కోలుకోలేదు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

రమ్మీలో అదృష్టం కంటే నైపుణ్యం ఎక్కువ అని 1960ల చివర్లోనే సుప్రీంకోర్టు అన్నది నిజం, అది మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్ కేసులోనే. ఆ మాట చూపించే ఈ యాప్‌లన్నీ వచ్చాయి. కానీ తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలని నిషేధించాయి, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది, నైపుణ్యమా అదృష్టమా అని చూడకుండా డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆట ఏదైనా కుదరదు అని. పెద్ద కంపెనీలే డబ్బు ఆటలు ఆపేశాయి. ఇప్పుడు వాట్సాప్‌లో తిరిగే లింకులు ఎవరివో, ఆ డబ్బు ఎక్కడికి పోతోందో అడగడానికి మనిషి దొరకడు.

తీసేటప్పుడు అన్‌ఇన్‌స్టాల్ అవ్వకపోతే సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ యాప్స్ అని వెతికి అందులో దీని టిక్ తీసేయ్, యాక్సెసిబిలిటీలో కూడా ఆన్ ఉందేమో చూడు, అప్పుడు పోతుంది. ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్‌లో వాట్సాప్‌కి, క్రోమ్‌కి అనుమతి ఆపేయ్. యూపీఐ పిన్ మార్పించు, ఆటోపే ఏమైనా ఉంటే రద్దు చేయించు. డబ్బు ఇప్పటికే పోయుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే బ్యాంకులో ఆపించే అవకాశం అంత ఎక్కువ. బాపుని కోప్పడకు, రిటైర్ అయ్యాక పొద్దు గడవక చేరిన అలవాటు అది, సాయంత్రం ఓ గంట నువ్వు ఎదురుగా కూర్చుని ముక్కలు పంచు, పందెం లేకుండా.

ప్రశ్న: యాప్‌లో నాకు ఎప్పుడూ చెత్త ముక్కలే వస్తాయి, మోసం ఉందా?

జవాబు: పందెం లేని ఆఫ్‌లైన్ యాప్‌లో మోసం చేసి వాళ్లకి వచ్చేదేం లేదు. నిజంగా కలిపిన పేక అలాగే ఉంటుంది, 52 ముక్కలని పేర్చే తీరుల సంఖ్య రాస్తే 68 అంకెలు వస్తాయి. ఇంట్లో మనమే సరిగ్గా కలపం, పోయిన ఆటలో జతపడ్డ ముక్కలు అతుక్కునే ఉండిపోతాయి, అందుకే ఒకరికి ఆఠీను 5 వస్తే పక్కవాళ్లకి 6 వస్తుంటుంది. రెండు సగాలు చేసి బొటనవేళ్లతో జల్లి కలిపితే ఒక పేకకి 7 సార్లు కావాలని 1992లో బేయర్, డయాకోనిస్ అనే ఇద్దరు గణితవేత్తలు లెక్క కట్టి చూపించారు, రెండు పేకలకి ఇంకో రెండు మూడు సార్లు వేసుకోండి.

ప్రశ్న: 201 పూల్ (201 పాయింట్లకి చేరినవాళ్లు అవుట్) లెక్క రాయడంలో ప్రతిసారీ గొడవే. ఏదైనా యాప్?

జవాబు: గూగుల్ షీట్స్ చాలు. ఒక్కొక్కరికి ఒక కాలమ్, ఆట ఆటకీ ఒక వరస, పైన సమ్ ఫార్ములా. ఫస్ట్ స్కూట్‌కి, అంటే మొదట్లోనే ఆట వదిలేస్తే 25, మిడిల్‌కి, అంటే మధ్యలో వదిలేస్తే 50, ఫుల్ కౌంట్‌కి 80 మీరే టైప్ చేయాలి. కండిషనల్ ఫార్మాటింగ్‌లో మొత్తం 176 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే పసుపు పెట్టండి, 176కి స్కూట్ 25 కలిపితే 201 అయిపోతుంది కాబట్టి అక్కడి నుంచి ఆ మనిషి కంపల్సరీ, ఆడి తీరాల్సిందే. 201కి ఎరుపు. షీట్ అందరికీ షేర్ చేసి ఎడిట్ మాత్రం ఒక్కరికే ఇవ్వండి, ఎవరైనా నేను అంత లేను అంటే వెర్షన్ హిస్టరీ తెరిచి చూపించండి, ఏ అంకె ఎప్పుడు పడిందో అందులో టైమ్‌తో సహా ఉంటుంది.