బ్రెగే జేబు గడియారాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా ముత్తాతగారి పెట్టెలో తాళంచెవితో కీ ఇచ్చే వెండి జేబు గడియారం దొరికింది. తెల్లటి ఎనామెల్ డయల్ మీద ‘బ్రెగే’ అని ఉంది. అసలుదో కాదో ఎలా తెలుస్తుంది? (కాకినాడ)

జవాబు: పేరు చూసి నమ్మకండి. పారిస్‌లో గడియారాలు చేసిన అబ్రహాం లూయీ బ్రెగే (1747–1823) బతికుండగానే ఆయన పేరు చెక్కిన నకిలీలు గుట్టలుగా వచ్చాయి. వాటి బెడద తప్పించుకోవడానికి 1795 ప్రాంతంలో ఆయన రహస్య సంతకం మొదలుపెట్టాడు. సన్నని మొనతో, గీతలను చిన్నగా నకలు తీసే పాంటోగ్రాఫ్ అనే పరికరం సాయంతో డయల్ మీద గీసిన ఈ సంతకం ఎదురుగా చూస్తే కనిపించదు. ఎనామెల్ డయల్‌లో 12 అంకె కింద, లోహపు డయల్‌లో 12కి అటూ ఇటూ వెతకండి. గది చీకటి చేసి, చిన్న టార్చి వెలుగును పక్కనుంచి డయల్‌ను రాసుకుంటూ పోయేలా పట్టండి. పదిరెట్ల భూతద్దంలోంచి చూస్తూ గడియారాన్ని మెల్లగా వంచండి. అద్దం తీయనక్కర్లేదు. డయల్ మార్చి ఉన్నా, తెగ తుడిచి ఉన్నా సంతకం పోవచ్చు. అందుకని అది కనబడనంత మాత్రాన నకిలీ అని తేల్చేయకూడదు.

తర్వాత నంబరు చూడాలి. యంత్రం మీద, కేసు లోపల ఒకటే ఉందా? బ్రెగే సంస్థ పాత అమ్మకపు చిట్టాలు చాలావరకు నిలిచి ఉన్నాయి. ఏ నంబరు ఎవరికి, ఎప్పుడు అమ్మారో వాటిలో ఉంటుంది కాబట్టి ఆఖరి మాట వాటిదే. ‘బ్రెగే అండ్ సన్’ అనే అర్థమిచ్చే ‘బ్రెగే ఎ ఫీస్’ సంతకం కొడుకు భాగస్వామి అయిన 1807 తర్వాతది. ఆ సంతకం పెట్టుకుని ‘1790 నాటిది’ అని ఎవరైనా అమ్మజూపితే బేరం అక్కడితో ఆపేయండి. ఇక కొసకు కాస్త ముందు గుండ్రటి బోలు ఉండే నీలి ముళ్ళు ఆయన రూపకల్పనే గాని, ఆ తర్వాత వాటిని కాపీ కొట్టనివాళ్ళు లేరు. వాటితో ఏమీ తేలదు.

ప్రశ్న: ఫొటోలో చూసిన ఒక బ్రెగే వాచీకి ఒకటే ముల్లుంది. రెండోది విరిగిపోయిందా?

జవాబు: లేదు, దాని రూపమే అంత. అది చందా వాచీ. ఫ్రెంచి విప్లవంలో పారిస్ వదిలి వెళ్ళిన బ్రెగే 1795లో తిరిగొచ్చి, వ్యాపారం మళ్ళీ నిలబెట్టుకోవడానికి వేసిన ఎత్తు ఇది: ధరలో నాలుగో వంతు ముందే కట్టించుకుని, ఒకే నమూనాను వరుసగా తయారు చేయించడం. దాదాపు 61 మిల్లీమీటర్ల పెద్ద వాచీ డయల్ మీద ఒక్కో గంటను 12 భాగాలు చేశారు. ఒక్కో గీత 5 నిమిషాలు. ముల్లు 7 దాటి నాలుగో గీత మీద ఉంటే 7.20 అన్నమాట.

ప్రశ్న: బ్రెగే కనిపెట్టిన వాటిలో టూర్బియాన్ అన్నిటికన్నా గొప్పదంటారు. నిజమేనా? (హైదరాబాద్)

జవాబు: పేరు దానికొచ్చింది, ఎక్కువ పనికొచ్చింది మాత్రం మరొకటి. అటూ ఇటూ ఊగుతూ కాలాన్ని లెక్కగట్టే బ్యాలెన్స్ చక్రంలో ఒక పక్క రవ్వంత బరువు ఎక్కువైనా, నిలువుగా ఉన్న గడియారం ముందుకో వెనక్కో పోతుంది. కోటు జేబులో అది రోజంతా దాదాపు ఒకే భంగిమలో ఉంటుంది కాబట్టి తేడా పోగుపడుతుంది. బ్రెగే బ్యాలెన్స్‌నూ, దాన్ని ఊపే సన్నని హెయిర్‌స్ప్రింగ్‌నూ, చక్రాలను ఒక్కో పన్ను చొప్పున వదిలే ఎస్కేప్‌మెంట్‌నూ ఒక పంజరంలో పెట్టి, పంజరాన్నే తిప్పాడు. అదే టూర్బియాన్. సాధారణంగా నిమిషానికి ఒక చుట్టు. పైకొచ్చినప్పుడు పడ్డ తేడాను కిందికెళ్ళినప్పుడు పడేది సరిపెడుతుంది. దోషం పోదు, సగటైపోతుంది అంతే. బల్ల మీద పడుకోబెట్టిన గడియారానికి దీనివల్ల ఒరిగేది లేదు. పేటెంటు 1801 జూన్ 26న పదేళ్ళకు దొరికింది. కానీ పంజరం బరువు, గడియారాన్ని నడిపే మెయిన్‌స్ప్రింగ్ బలాన్ని తినేస్తుంది, తయారీ మహా కష్టం. అందుకే ఆయన జీవితకాలంలో అమ్ముడైనవి కొద్ది పదులే.

మా ఓటు 1795 నాటి ఓవర్‌కాయిల్‌కి. చదునుగా చుట్టిన హెయిర్‌స్ప్రింగ్‌కి బయటి కొస ఒకచోట బిగించి ఉంటుంది. విచ్చుకునేటప్పుడు అది ఒక పక్కకే పోయి బ్యాలెన్స్ ఇరుసును పక్కకు నెడుతుంది. ఫలితంగా పెద్ద ఊపుకూ చిన్న ఊపుకూ పట్టే సమయం మారుతుంది. అప్పుడే కీ ఇచ్చిన గడియారం ఒకలా, తెల్లవారేసరికి ఇంకోలా నడుస్తుంది. బ్రెగే చివరి చుట్టును మిగతా చుట్ల కన్నా పైకి లేపి, లోపలికి వంచి బిగించాడు. అదే ఓవర్‌కాయిల్. దాంతో స్ప్రింగ్ అన్ని వైపులా సమంగా విచ్చుకుంటుంది. ఆ వంపుకు గణితం ఫ్రెంచి ఇంజినీరు ఎడ్వార్ ఫిలిప్స్ 1861లో చెప్పాడు. అప్పటిదాకా పనివాళ్ళ కన్నూ చెయ్యే లెక్క. చెడితే ఇక్కడే చెడుతుంది: చిమటా తగిలి లేపిన చుట్టు కిందికి వంగితే కింది చుట్లకు రాసుకుంటుంది. పనిచేసే స్ప్రింగ్ పొడవు తగ్గిపోయి గడియారం పరుగు తీస్తుంది. ‘పాతదైంది, ముందుకు పోతోంది’ అని వేగం సరిచేసే మీట (రెగ్యులేటర్) జరిపే ముందు ఈ చుట్టును చూడమని రిపేరు చేసేవారికి చెప్పండి.

ప్రశ్న: చాలా ఏళ్ళుగా ఆగి ఉన్న గడియారానికి కీ ఇచ్చి చూడొచ్చా?

జవాబు: వద్దు. లోపలి నూనె ఎండి జిగురైపోయి, దుమ్ముతో కలిసి ఇరుసు మొనలను అరగదీస్తుంది. మొత్తం విప్పి శుభ్రం చేసి కొత్త నూనె పెట్టించాకే కీ. కుట్టుమిషను నూనె, స్ప్రే ససేమిరా పనికిరావు. పాకిపోయి హెయిర్‌స్ప్రింగ్ చుట్లను అతికిస్తాయి. తాళంచెవిని చిన్న సైజు నుంచి మొదలుపెట్టి, వదులు లేకుండా కూర్చునేది దొరికేదాకా పైకి వెళ్ళండి. వదులుగా ఉంటే తాళంచెవి కూర్చునే చతురస్రపు కడ్డీ మూలలు అరిగిపోతాయి. తిరగని వైపు బలవంతం చేయకండి. బ్రెగే వాడిన, ఒక వైపే పట్టే రాచెట్ తాళంచెవి తప్పు వైపు తిప్పితే ఊరికే జారిపోతుంది, లోపల ఏదీ విరగదు.

1790లో ఆయన పెట్టిన పార్‌షూట్ అనే స్ప్రింగు ఆధారం బ్యాలెన్స్ ఇరుసును దెబ్బ నుంచి కాపాడుతుంది గాని, ఎనామెల్ డయల్‌ను కాదు. అది చిట్లితే మునుపటిలా రాదు. కోస్తా తేమకు ఉక్కు హెయిర్‌స్ప్రింగ్ తుప్పు పడుతుంది కాబట్టి మూత బిగుతుగా ఉండే డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్‌తో పెట్టండి. మరమ్మతుకని విదేశానికి పంపాలనుకుంటే ముందు పురావస్తు శాఖను అడగండి. నూరేళ్ళు దాటిన కళాత్మక వస్తువులను దేశం దాటించడాన్ని 1972 నాటి పురావస్తువుల చట్టం కట్టడి చేస్తుంది.