పశువైద్యమైతే కేసులుండవా?

ప్రశ్న: నీట్ ర్యాంకును బట్టి మా అమ్మాయికి బీవీఎస్సీ సీటు వచ్చేలా ఉంది. అప్పు చేస్తే ప్రైవేటు కాలేజీలో ఎంబీబీఎస్ బి కేటగిరీ సీటుకూ వీలుంది. తనకు రెండూ ఇష్టమే. ఇంట్లో పెద్దవాళ్లు మాత్రం, "డాక్టరైతే ఎప్పుడు ఎవరు కేసు వేస్తారో తెలియదు, పశువుల డాక్టరుకు ఆ గొడవే లేదు, నోరులేని జీవాలు కదా" అంటున్నారు. ఇది నిజమేనా? దీన్ని బట్టి సీటు తేల్చుకోవచ్చా?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: జీవానికి నోరు లేకపోయినా దాని యజమానికి ఉంటుందండీ. ఫీజు తీసుకుని వైద్యం చేశాక పొరపాటు జరిగిందనుకుంటే ఆయన కూడా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. పశువైద్యంలో కేసులు తక్కువన్న మాట నిజం, అసలు ఉండవన్న మాట నిజం కాదు. ఎందుకు తక్కువో తెలిస్తే ఆ భయం మీద సీటు ఎంచుకోవచ్చో లేదో మీకే అర్థమవుతుంది.

ముందు మనుషుల వైద్యం సంగతి. 1995 నవంబరు 13న వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వచ్చింది. అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రి దాని పరిధిలోకి రాదు. కొందరి దగ్గర ఫీజు తీసుకుని కొందరికి ఉచితంగా చేసే చోట మాత్రం, ఉచితంగా చూపించుకున్నవారు కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఇప్పుడు నడుస్తున్నది 2019 చట్టం. గడువు రెండేళ్లు. ఏ కమిషన్‌కు వెళ్లాలన్నది అడిగే పరిహారాన్ని బట్టి కాదు, ఆసుపత్రికి కట్టిన డబ్బును బట్టి తేలుతుంది. 50 లక్షల వరకు జిల్లా కమిషనే. కట్టిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే కోర్టు ఫీజు కూడా లేదు. అంటే 40 వేల బిల్లు మీద గొడవపడే కుటుంబం రూపాయి ఫీజు కట్టకుండా జిల్లా కేంద్రంలోనే కేసు వేయగలదు. ఇది రోగికి న్యాయంగా దక్కాల్సిన సౌకర్యం. దాన్ని డాక్టరు మీద కక్షగా చూడకూడదని మీ అమ్మాయికి ఇప్పుడే చెప్పండి.

కేసులు ఎక్కడ పుడతాయో చూడాలంటే హైదరాబాద్‌కు సంబంధించిన రెండు తీర్పులు చాలు. మొదటిది నిమ్స్ కేసు. 1990లో ఇరవై ఏళ్ల ఇంజినీరింగ్ విద్యార్థి ఛాతీలో గడ్డతో అక్కడ చేరాడు. అంగీకారం తీసుకున్నది బయాప్సీకి, అంటే పరీక్ష కోసం చిన్న ముక్క తీయడానికి. ఆపరేషన్ బల్ల మీద గడ్డ మొత్తం తీసేశారు. గడ్డ వెన్నెముకను ఆనుకుని ఉన్నా న్యూరోసర్జన్‌ను ఆపరేషన్‌కు కలుపుకోలేదు. నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. 1999లో జాతీయ కమిషన్ 15.5 లక్షలు ఇప్పించింది. ఆ యువకుడు సుప్రీంకోర్టులో తన వాదన తానే వినిపించుకున్నాడు. 2009లో కోర్టు పరిహారాన్ని కోటి రూపాయలకు పెంచింది. కత్తి పట్టడం రాక వచ్చిన కేసు కాదిది. సంతకం ఒకదానికి తీసుకుని మరొకటి చేయడం, పక్కన ఉండాల్సిన నిపుణుణ్ని పిలవకపోవడం, ఈ రెండే ప్రధానంగా నిలిచాయి.

రెండోది జ్వరం కేసు. చలితో విడిచి విడిచి వచ్చే జ్వరంతో ఒక మహిళను ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. ఆమె భర్త మలేరియా విభాగంలోనే అధికారి. అక్కడ టైఫాయిడ్‌కు వైద్యం చేశారు, మలేరియాకు చేయలేదు. ఆమె చనిపోయింది. జిల్లా ఫోరం (జిల్లా కమిషన్‌కు అప్పటి పేరు) 2 లక్షల పరిహారం ఇవ్వమంటే రాష్ట్ర కమిషన్ కొట్టేసింది. 2010లో సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టింది. తప్పు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంటే ప్రతి కేసులోనూ మరో డాక్టరు నిపుణ సాక్ష్యం అవసరం లేదని కూడా చెప్పింది. "డాక్టరుకు వ్యతిరేకంగా ఇంకో డాక్టరు చెప్పడులే" అన్న ధీమా ఆ రోజుతో పోయింది.

జైలు భయం సంగతి వేరు. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా గీత గీసింది. మామూలు పొరపాటు, ఫలితం బాగా రాకపోవడం నేరం కాదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉంటేనే క్రిమినల్ కేసు నిలుస్తుంది. పోలీసులు ముందు స్వతంత్రంగా మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలి, మామూలు కేసుల్లోలాగా వెంటనే అరెస్టు చేయకూడదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్‌లో నిర్లక్ష్యంతో మనిషి మరణానికి కారణమైతే శిక్ష ఐదేళ్ల వరకు ఉంది. వైద్యం చేస్తుండగా జరిగితే రిజిస్టర్డ్ డాక్టరుకు అది రెండేళ్ల వరకు, జరిమానా అదనం.

పశువైద్యంలో ఈ క్రిమినల్ దారి దాదాపు మూసే ఉంది. జంతువును చంపడం, అవిటిదాన్ని చేయడం అదే న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద నేరమే, శిక్ష ఐదేళ్ల వరకు. కానీ అది కావాలని లేదా తెలిసి చేసిన చెడుపుకు వర్తిస్తుంది. చికిత్సలో గేదె చనిపోయినంత మాత్రాన అది నేరం కాదు. పైగా చట్టం దృష్టిలో జంతువు ఆస్తి. పరిహారం ఎక్కువగా దాని ఖరీదు, పోయిన పాల ఆదాయం, చికిత్స ఖర్చు, మనోవేదన దగ్గర తిరుగుతుంది. పల్లెల్లో వైద్యం చాలావరకు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా జరుగుతుంది కాబట్టి వినియోగదారుల చట్టమూ అక్కడికి రాదు. కేసులు తక్కువ కావడానికి కారణాలు ఇవే. నగరాల్లో కుక్కలు, పిల్లుల క్లినిక్‌లలో పరిస్థితి వేరు. బిల్లులు పెద్దవి, ఆ కుక్క ఆ ఇంట్లో బిడ్డతో సమానం, డాక్టరు పంపిన ప్రతి వాట్సాప్ మెసేజీ యజమాని ఫోన్‌లో సాక్ష్యంగా ఉంటుంది.

ఇక్కడ మీ ఇంట్లోవాళ్లు గమనించని సంగతి ఒకటుంది. పశువైద్యుడి జవాబుదారీతనం కోర్టులో తక్కువగా, కొట్టం దగ్గర ఎక్కువగా ఉంటుంది. ఒక దృశ్యం చెబుతాను. ఈనిన ఒకట్రెండు రోజులకు పాడిగేదె పాలజ్వరంతో (ఒంట్లో కాల్షియం పడిపోవడంతో) కూలబడుతుంది, మెడ పక్కకు తిప్పి పడుకుంటుంది, చెవులు చల్లబడతాయి. డాక్టరు 450 మిల్లీలీటర్ల కాల్షియం బోరోగ్లూకోనేట్ సీసాను ఒంటి వేడికి తెచ్చి, మెడ నరంలోకి నెమ్మదిగా ఎక్కించాలి. పది, పదిహేను నిమిషాలకు తగ్గకూడదు. ఒక చేత్తో సీసా, చెవుల్లో స్టెతస్కోప్. గుండె లయ తప్పితే వెంటనే ఆపాలి. ఇంకో ఊళ్లో ఫోన్ మోగుతోందని సీసా ఎత్తి పట్టుకుని గబగబా పంపిస్తే, సూది మెడలో ఉండగానే గుండె ఆగిపోవచ్చు. చుట్టూ పదిమంది, వాళ్లలో ఒకరింట్లో ఆ గేదె మీదే నెల గడుస్తోంది. "సూది వేయగానే చచ్చిపోయింది" అన్న మాట ఆ సాయంత్రానికి మండలమంతా పాకుతుంది. జాగ్రత్తగా చేసినా కొన్ని పశువులు పోతాయి. అందుకే సూది వేయకముందే ప్రమాదం ఉందని రైతుకు చెప్పాలి. పశువు ఉన్న స్థితి, మందు పేరు, బ్యాచ్ నంబరు, మొదలుపెట్టిన టైము రాసి సంతకం తీసుకోవాలి. పోతే పోస్టుమార్టం చేద్దామని డాక్టరే ముందుగా అనాలి. ఈ నాలుగు పనులూ చేసిన డాక్టరు మాట ఊళ్లో నిలుస్తుంది.

పశువైద్యులు నిజంగా రిజిస్ట్రేషన్ పోగొట్టుకునే ప్రమాదం సూది దగ్గర కంటే సంతకం దగ్గర ఎక్కువ. పశువుల బీమాకు ఆరోగ్య ధ్రువపత్రం, విలువ నిర్ధారణ, చనిపోతే పోస్టుమార్టం రిపోర్టు ఇచ్చేది వాళ్లే. చెవి పోగు మీద 12 అంకెలుంటాయి. కళేబరం దగ్గరికి వెళ్లి ఆ అంకెలు చూసి సరిపోల్చకుండా, తెలిసినవాడే కదా అని ఆసుపత్రిలో కూర్చుని సంతకం పెడితే అది నిర్లక్ష్యం కాదు, తప్పుడు ధ్రువపత్రం. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం కింద రాష్ట్ర మండలి రిజిస్టరులో పేరుంటేనే వృత్తి చేయాలి. ఆ పేరు తీసేసే అధికారం కూడా అదే వ్యవస్థకు ఉంది.

మందుల విషయంలో బాధ్యత మనుషుల డాక్టరు కంటే ఒక అడుగు ముందుకు పోతుంది, ఎందుకంటే రోగి పాలు, గుడ్లు, మాంసం మన కంచంలోకి వస్తాయి. మందు వేశాక వాటిని వాడకుండా ఎన్నాళ్లు ఆగాలో లేబుల్ మీద లేకపోతే, పాలు, గుడ్లకు 7 రోజులు, మాంసానికి 28 రోజులు ఆగాలని నిబంధన. చేపలకు 500 డిగ్రీ-రోజులు (నీటి ఉష్ణోగ్రతను రోజులతో గుణించిన లెక్క), అంటే 28 డిగ్రీల నీటిలో దాదాపు 18 రోజులు. ఇది రైతుకు చెప్పకుండా యాంటీబయాటిక్ వేసి వెళ్లిపోతే ఆ పాలు మర్నాడే పాల కేంద్రానికి చేరతాయి. కళేబరం తిన్న రాబందులు కిడ్నీలు చెడి చస్తున్నాయని పశువులకు నొప్పి మందు డైక్లోఫెనాక్‌ను 2006లోనే నిషేధించారు. కిటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ 2023లో ఆ వరసలో చేరాయి. మనుషుల మందుల షాపులో దొరికే సీసా తెచ్చి వాడినా అది తప్పే. పెంపుడు జంతువుల్లోనూ ఇలాంటివే ఉన్నాయి. జ్వరానికి మనం వేసుకునే 500 మిల్లీగ్రాముల పారాసెటమాల్ బిళ్ల ఒక్కటి పిల్లిని చంపగలదు. ఫోన్‌లో "అదే కాస్త వేయండి" అన్న సలహా ఎంత దూరం పోతుందో చూడండి.

ఇక ఎంబీబీఎస్ వైపు వెళ్తే మీ అమ్మాయిని కాపాడేవి పెద్ద చట్టాలు కావు, రోజువారీ పనులు. కేస్‌షీట్లు కనీసం మూడేళ్లు ఉంచాలి, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. దిద్దిన, తర్వాత ఇరికించిన కేస్‌షీటు కోర్టులో అసలు పొరపాటు కంటే ఎక్కువ హాని చేస్తుంది. తప్పు రాస్తే ఒక గీతతో కొట్టేసి, పక్కన సరైనది రాసి, తేదీ, సంతకం పెట్టాలి. అంగీకార పత్రం రోగికి అర్థమయ్యే తెలుగులో ఉండాలి, ఏ ఆపరేషనో పేరు రాయాలి. ఖాళీ ఫారం మీద సంతకం తీసుకుంటే అది లేనట్టే. కడుపు కుట్లు వేసే ముందు రక్తం అద్దే మాప్‌లు, గాజ్ గుడ్డలు, సూదులు గట్టిగా లెక్కపెట్టాలి, లెక్క తేలకపోతే కుట్టు వేయకూడదు. ఇండెమ్నిటీ పాలసీ (కేసు పడితే పరిహారం భారం మోసే బీమా) తీసుకోవాలి, కానీ చాలా పాలసీలు క్లెయిమ్ వచ్చిన నాటికి అమల్లో ఉంటేనే పనిచేస్తాయి. ఒక ఏడాది రెన్యువల్ మరిచిపోతే వెనకటి కేసుకు రక్షణ పోవచ్చు. అర్హత లేని పని చేస్తే, మద్యం మత్తులో చేస్తే ఏ పాలసీ ఆదుకోదు.

కాబట్టి నా సలహా సూటిగా ఇది. కేసుల భయాన్ని పక్కన పెట్టి అప్పును చూడండి. రెండు కోర్సులూ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లే. ఎంబీబీఎస్ అక్కడితో ఆగదు, చాలామందికి పీజీ తప్పదు, ఆ పోటీ కఠినం, అప్పటికి మీ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. అప్పు తీర్చాలన్న ఒత్తిడిలో రోజుకు వందమందిని చూసే డాక్టరే ఎక్కువ పొరపాట్లకు దగ్గరగా ఉంటాడు. ఇల్లు తాకట్టు పెడితే తప్ప ఆ సీటు రాదనుకుంటే బీవీఎస్సీ తీసుకోమనే చెబుతాను. అప్పు మీరు మోయగలిగినంతే ఉండి, అమ్మాయి మనసు మనుషుల వైద్యం మీదే ఉంటే ఎంబీబీఎస్‌కు వెళ్లనివ్వండి.

తనకు ఈ చట్టాల విషయమే ఆసక్తిగా అనిపిస్తే దానికీ దారి ఉంది. ఎంబీబీఎస్ తర్వాత ఫోరెన్సిక్ మెడిసిన్‌లో ఎండీ చేయవచ్చు. బీవీఎస్సీ తర్వాత, ఏ జంతువు మాంసమో డీఎన్ఏతో తేల్చే చెంగిచెర్ల జాతీయ మాంస పరిశోధన సంస్థ, వన్యప్రాణుల నేరాల నమూనాలు పరీక్షించే హైదరాబాద్ సీసీఎంబీ లాకోన్స్ (అంతరించిపోతున్న జీవుల పరిరక్షణ ప్రయోగశాల) లాంటి చోట్ల ఈ పని జరుగుతోంది. నల్సార్ విశ్వవిద్యాలయం జంతు రక్షణ చట్టాల మీద పీజీ డిప్లొమా నడిపింది, అడ్మిషన్ల సంగతి వాళ్ల దగ్గరే కనుక్కోండి. మూడేళ్ల ఎల్ఎల్‌బీ కూడా చేయవచ్చు గానీ, పొద్దున క్లినిక్, మధ్యాహ్నం నల్లకోటు కుదరదు. డాక్టరుగా ప్రాక్టీసు చేస్తూనే అడ్వొకేటుగా ఎన్‌రోల్ కావడాన్ని నిషేధించిన మహారాష్ట్ర-గోవా బార్ కౌన్సిల్ నియమం సరైనదేనని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఆప్షన్లు పెట్టేలోపు ఒక పని చేయండి. అనుమతి అడిగి ఒక పొద్దున మీ మండల పశువైద్యశాలలో, మరో పొద్దున ప్రభుత్వాసుపత్రి ఓపీలో అమ్మాయిని కూర్చోబెట్టండి. చికిత్సతో పాటు, రోగి లేచి వెళ్లాక డాక్టరు ఏం రాస్తున్నాడో, ఎంత ఓపికగా రాస్తున్నాడో చూడమనండి. బయటికొచ్చాక, అలా రోజుకు అరవైసార్లు, నలభై ఏళ్లపాటు రాయాలని ఉందా అని తననే అడగండి. పశువైద్యశాలలో మాత్రం కుక్కల్నీ, నోట్లో చొంగ కారుతున్న పశువుల్నీ ముట్టుకోవద్దని చెప్పండి. రేబిస్ ముందస్తు టీకాలు మొదటి రోజు, 7వ రోజు, 21 లేదా 28వ రోజు వేయించుకున్నాకే ఆ పని.