పుస్తకాల లెక్క మొదలెట్టాక చదవాలంటేనే భయమేస్తోంది

ప్రశ్న: లైబ్రరీ సైన్స్ చదువుతున్నాను. వారానికొకటి చొప్పున ఏడాదిలో 52 పుస్తకాలు చదవాలనుకున్నా. ఏడు నెలలకి 11 అయ్యాయి. తొమ్మిది సగంలో ఆగాయి. క్లాసిఫికేషన్ (పుస్తకాలకు విషయాన్ని బట్టి నంబర్లు కట్టడం) ప్రాక్టికల్స్ వెనకబడ్డాయి. ‘ఎప్పుడు చూసినా పుస్తకమేనా, ఇంట్లో పని పట్టదా’ అని అమ్మ కోప్పడుతోంది. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ 52 సంగతి చూద్దాం. 300 పేజీల పుస్తకాన్ని గంటకు 35 పేజీల చొప్పున చదివితే ఎనిమిదిన్నర గంటలు పడుతుంది. 52 పుస్తకాలకు దాదాపు 450 గంటలు. అంటే ఒక్కరోజూ మానకుండా రోజుకు గంటంబావు! క్లాసులు, ప్రాక్టికల్స్, ఇంటిపని పోగా అంత సమయం మిగలదు. మీరు బద్ధకించి వెనకబడలేదమ్మా. పైగా లెక్క కోసం చదివేటప్పుడు నచ్చని పుస్తకాన్నీ వదలబుద్ధి కాదు. మన దేశ గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో నాలుగోది పాఠకుల సమయం ఆదా చేయమంటుంది. ఆ పాఠకుల్లో మీరూ ఉన్నారు.

ఈ సెలవు రోజున ఆ తొమ్మిదింటినీ ముందేసుకుని, లైబ్రరీలో వీడింగ్ చేసినట్టే, అంటే అక్కర్లేని పుస్తకాల్ని తీసేసినట్టే ఏరండి. ఆగిన చోట తెరిచి రెండు పేజీలు చదవండి. మూడో పేజీ తిప్పాలనిపిస్తేనే ఉంచండి. మూడు పుస్తకాలకు మించనివ్వకండి. గడువు దాటినవి ముందు తిరిగిచ్చేయండి, రోజూ కంటపడి గుచ్చేవి అవే. ఉంచుకున్నవాటిలో చీటీ పెట్టి, ఎక్కడ ఆగారో, అక్కడ ఏం జరుగుతోందో ఒక్క వాక్యం రాయండి. కథ మర్చిపోవడం వల్లే చాలామంది మళ్లీ మొదలుపెట్టలేరు.

ప్రాక్టికల్స్‌ని రాత్రికి వాయిదా వేయొద్దు. అలసిన బుర్రతో డ్యూయీ నంబరు (విషయాన్ని బట్టి పుస్తకానికిచ్చే దశాంశ సంఖ్య) కడితే ఇండెక్స్‌లో కనబడ్డ అంకెనే రాసేసి, నంబర్ల అసలు పట్టికైన షెడ్యూల్ తీసి సరిచూడరు. గణిత బోధనకు 510.71 రావాలి. గణితానికిచ్చే 510కి బోధనను సూచించే 071 కలిపేసి 510.071 రాయడం మామూలుగా జరిగే పొరపాటు. ముందు 510 చివరి సున్నా తీసేయాలన్నది అప్పుడు తట్టదు. పొద్దున్న నలభై నిమిషాలు కూర్చుని రోజుకు అయిదు శీర్షికలే చేయండి. తప్పొచ్చిన ప్రతిదానికీ ఎక్కడ దారి తప్పారో పక్కనే రాసుకోండి. సాయంత్రం థియరీ చాలు.

నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే మాత్రం డాక్టర్ని కలవండి.

ఇక అమ్మ సంగతి. మీ చేతిలో ఉన్నది పాఠమో నవలో ఆమెకి తెలిసే వీల్లేదు. నవల చదువుతూ ‘పరీక్షకి’ అని మాత్రం చెప్పకండి. ఒకసారి తెలిసిపోతే నిజంగా పరీక్షకి చదివే రోజునా నమ్మరు. ఇంటిపనిలో ఒకటి, గిన్నెలో బట్టలో, పూర్తిగా మీ బాధ్యతగా తీసుకోండి. ఆమె అడక్కముందే అయిపోవాలి. ఆ తర్వాత, ‘అమ్మా, ఈ అరగంట నాకిష్టమైనది చదువుకుంటాను’ అని చెప్పి, ఆమె కళ్లెదుటే కూర్చుని చదవండి. బాగున్న పేజీ దొరికితే ఆమెకీ చదివి వినిపించండి.