టెక్ సందేహాలు: ఫైర్‌వాల్ ఉన్నా జీరో ట్రస్ట్ అవసరమా?

ప్రశ్న: విజయవాడలో మందుల హోల్‌సేల్ వ్యాపారం చేస్తున్నాము. సుమారు 40 మంది సిబ్బంది ఉన్నారు. ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చేపోయే సమాచారాన్ని వడకట్టే ఫైర్‌వాల్ ఉంది; ఊళ్లు తిరిగే సేల్స్‌వాళ్లు, మా ఆడిటర్ గారు వీపీఎన్ (బయటి నుంచి ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే సురక్షిత దారి) ద్వారా మా లెక్కలుండే ట్యాలీ సర్వర్‌లోకి వస్తారు. ఇవి చాలవనీ, ‘జీరో ట్రస్ట్’ పరికరం కొనాలనీ ఒక డీలర్ ఒత్తిడి చేస్తున్నారు. కొనమంటారా?

జవాబు: ఇప్పుడే కొనవద్దు. అయితే డీలర్ చెప్పిన మాటలో సగం నిజం ఉంది: మీ ప్రస్తుత ఏర్పాటు చాలదు. ఆఫీసు నెట్‌వర్క్ లోపలికి వచ్చినంత మాత్రాన ఏ మనిషినీ, ఏ కంప్యూటర్‌నూ నమ్మకూడదని, ఎవరు, ఏ పరికరం నుంచి, ఏ పనికోసం అడుగుతున్నారో ప్రతిసారీ పరిశీలించి ఆ పనికి అవసరమైనంత మేరకే అనుమతి ఇవ్వాలని చెప్పే విధానమే జీరో ట్రస్ట్. ఫారెస్టర్ సంస్థలో విశ్లేషకుడిగా ఉన్న జాన్ కిండర్‌వాగ్ 2010లో దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. ఏ ఒక్క పరికరమూ దీన్ని పూర్తిగా అమలు చేయజాలదు.

మీ విషయంలో నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది వీపీఎన్. సాధారణంగా దాన్ని అమర్చే తీరులో, ఒకసారి లాగిన్ అయినవారికి ట్యాలీతో పాటు నెట్‌వర్క్‌లోని మిగతా కంప్యూటర్లు, షేర్ చేసిన ఫోల్డర్లు కూడా అందుబాటులోకి వస్తాయి. 2021 మేలో అమెరికాలోని ఇంధన రవాణా సంస్థ కలోనియల్ పైప్‌లైన్‌పై దాడి చేసిన దుండగులు లోపలికి చొరబడింది ఎవరూ వాడని ఒక పాత వీపీఎన్ ఖాతా ద్వారానే. పాస్‌వర్డ్ తప్ప రెండో ధ్రువీకరణ ఏదీ ఆ ఖాతాకు లేదు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై దాడి జరిగినప్పుడు, నెట్‌వర్క్‌ను సరిగా విభజించకపోవడమే కారణమని కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. ఈ రెండు లోపాలూ చిన్న ఆఫీసుల్లో సర్వసాధారణం.

అందువల్ల ముందుగా ఖాతాల జాబితా తీయండి. ఉద్యోగం మానేసినవారి లాగిన్లు, నలుగురు కలిసి వాడే ‘అడ్మిన్’ పాస్‌వర్డ్, సాఫ్ట్‌వేర్ మరమ్మతుకు వచ్చినవారు వదిలి వెళ్లిన రిమోట్ యాక్సెస్ ప్రోగ్రాములు, బయటి నుంచి కంప్యూటర్‌ను నడపడానికి రౌటర్‌లో ఎప్పుడో తెరిచి మరచిపోయిన రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు ఆ వెతుకులాటలో బయటపడవచ్చు. వాటిని మూసివేయడానికి పైసా ఖర్చు కాదు. మెయిల్, వీపీఎన్, బ్యాంకు లావాదేవీలు చూసే ప్రతి ఖాతాకూ రెండంచెల ధ్రువీకరణ పెట్టండి. ఎస్సెమ్మెస్ ఓటీపీ కంటే, ఫోన్‌లోనే కోడ్ చూపే అథెంటికేటర్ యాప్ మేలు. నకిలీ లాగిన్ పేజీలను తట్టుకోవడంలో పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు ఫోన్ లేదా కంప్యూటర్‌లో భద్రంగా ఉండే డిజిటల్ తాళంచెవి) ఆ రెండింటికన్నా గట్టిది.

ఆ తరువాత నెట్‌వర్క్ విభజన. సీసీటీవీ కెమెరాలు, అతిథుల వైఫై, బిల్లింగ్ కౌంటర్లు, ట్యాలీ సర్వర్ ఒకే నెట్‌వర్క్‌లో ఉండకూడదు. మీ ఫైర్‌వాల్, నెట్‌వర్క్ స్విచ్‌లు వీల్యాన్‌లను (ఒకే నెట్‌వర్క్‌ను వేర్వేరు భాగాలుగా విడదీసే ఏర్పాటు) అనుమతిస్తే ఈ పని వాటితోనే అవుతుంది. ఆడిటర్ గారికి ట్యాలీ ఒక్కటే తెరుచుకునేలా, సేల్స్‌వాళ్లకు ఆర్డర్లు, నిల్వలు మాత్రమే కనిపించేలా నియమాలు రాయించండి. మీ మెయిల్ మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ ప్రీమియంలో ఉంటే, గుర్తింపు పొందిన పరికరాల నుంచే మెయిల్, ఫైళ్లు తెరుచుకునేలా చేసే కండిషనల్ యాక్సెస్, ఇన్‌ట్యూన్ సౌకర్యాలకు మీరు ఇప్పటికే డబ్బు కడుతున్నట్టే. వాటిని ఆన్ చేయించకుండా మరో పరికరానికి లక్షలు పోయడం నాకు సమ్మతం కాదు.

ఇవన్నీ అయ్యాక కూడా డీలర్ మాట వినాలనిపిస్తే, వీపీఎన్ బదులు ఒక్కో అప్లికేషన్‌కు విడిగా అనుమతి ఇచ్చే సేవ తమ దగ్గర ఉందా, అది మీ ట్యాలీతో పనిచేస్తుందా అని అడిగి, కొద్దిమంది సిబ్బందితో పరీక్షించాకే ఒప్పందం చేసుకోండి. లాగ్‌లు (ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో చెప్పే నమోదులు) ఎంతకాలం నిల్వ ఉంటాయో కూడా అడగండి: 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ జారీ చేసిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి, దాడి జరిగినట్టు గుర్తించిన 6 గంటల్లోపు ఆ సంస్థకు తెలియజేయాలి.