పెర్షియన్ మిక్స్ పిల్లిపిల్లకు 12,000 పెట్టొచ్చా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నేను ప్రైవేట్ స్కూల్లో టీచర్ని, మావారికి జిరాక్స్ షాపు ఉంది. ఇద్దరికీ కలిపి నెలకు 34,000 వస్తుంది. ఇంటద్దె, సరుకులు, పాప ఫీజు, చీటీ, ఎల్ఐసీ, 2,000 పొదుపు పోను 2,500 మిగులుతుంది. బ్యాంకులో 40,000 ఎఫ్‌డీ ఉంది. ఆరో తరగతి చదివే మా పాప పిల్లిని పెంచుకుంటానని ఏడాదిగా అడుగుతోంది. భువనేశ్వర్‌లో ఒకాయన 40 రోజుల పెర్షియన్ మిక్స్ (పొడవు బొచ్చు పెర్షియన్ జాతి, వేరే పిల్లి కలిసిన) పిల్లకు 12,000 చెబుతున్నాడు, ముందు 3,000 అడ్వాన్స్ పంపమంటున్నాడు. చేతిలో 5,000 ఉంది. మిగతా 7,000 క్రెడిట్ కార్డు మీద ఏటీఎంలో తీసి ఆరు నెలల్లో కట్టేద్దామనుకుంటున్నాను. విశాఖలో ఒకరు 2,000 తీసుకుని మిక్స్ పిల్లనే దత్తత ఇస్తామంటున్నారు. మా ఆడపడుచు ఇంట్లో ఐదు వారాల ఆడ పిల్లిపిల్ల ఉంది, ఊరికే ఇస్తామంటున్నారు. తండ్రి పెర్షియన్ అంటారు గానీ దాని పొట్టి బొచ్చు చూస్తే నాకు నమ్మకం కుదరడం లేదు. ఏది తీసుకోమంటారు?

జవాబు: మీ ఆడపడుచు ఇంట్లో పిల్లను తెచ్చుకోండి. కార్డు మీద మాత్రం ఒక్క రూపాయి కూడా తీయొద్దు.

ముందు కార్డు సంగతి చూద్దాం. క్రెడిట్ కార్డుతో వస్తువు కొంటే బిల్లు గడువు దాకా వడ్డీ ఉండదు. అదే కార్డుతో ఏటీఎంలో డబ్బు తీస్తే ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది, పైగా విత్‌డ్రాయల్ ఫీజు, ఈ రెండిటి మీదా జీఎస్టీ. నెలకు 3.5 శాతం వడ్డీ వేసుకున్నా 7,000 తీర్చడానికి ఆరు నెలలపాటు నెలకు 1,314 కట్టాలి. వడ్డీ, ఫీజు, పన్ను కలిపి 1,600 దాకా అదనంగా పోతుంది. మీకు నెలకు మిగిలేది 2,500. అందులో 1,314 కార్డుకు, 1,100 పిల్లి తిండికి, దాని మలమూత్రాల ట్రేలో పోసే లిట్టర్‌కు పోతే మీ చేతిలో వంద రూపాయలు కూడా ఉండవు. ఆ ఆరు నెలల్లోనే పిల్లకు టీకాలు పడాలి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కావాలి. వాటికి డబ్బు ఎక్కడి నుంచి తెస్తారు? నాకు భయమేసేది అక్కడే. డబ్బు లేక టీకా వాయిదా వేసిన ఇళ్లలో పిల్లిపిల్లలు చచ్చిపోవడం, ఇంట్లో పసివాళ్లు రోజుల తరబడి ఏడవడం మామూలుగా జరిగే విషయమే.

పిల్లిని కొన్నా, దత్తత తెచ్చుకున్నా, ఊరికే వచ్చినా మొదటి ఏడాది ఖర్చు ఒక్కటే. ఇవి నేను వేసిన సుమారు లెక్కలు, మీ దగ్గరి డాక్టరు రేట్లు చూసుకుని అటూ ఇటూ సర్దుకోండి. పిల్లులకు వేసే ట్రైక్యాట్ టీకా డోసు 900 అనుకుంటే మూడు డోసులకు 2,700, రేబీస్ టీకా 300, ఏడాది పొడవునా నులిపురుగుల మందు 400, డాక్టరు ఫీజులు 1,000. ఇవన్నీ కలిపి 4,400. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ 5,000. మోసుకెళ్లే బుట్ట, లిట్టర్ ట్రే, గిన్నెలు 1,500. తిండికి నెలకు 700, లిట్టర్‌కు 400 చొప్పున ఏడాదికి 13,200. ఇక మీ ఊరికి ప్రత్యేకమైన ఖర్చు ఒకటుంది. మన వైపు పశువుల ఆసుపత్రులకు ఎక్కువగా వచ్చేవి ఆవులు, మేకలు. రేబీస్ టీకా అక్కడ దొరికినా ట్రైక్యాట్ కోసం, ఆపరేషన్ కోసం శ్రీకాకుళమో బరంపురమో వెళ్లాల్సి రావచ్చు. ముందే ఫోన్ చేసి కనుక్కోండి. నాలుగు ప్రయాణాలకు 600 చొప్పున 2,400 వేశాను. మొత్తం 26,500. భువనేశ్వర్ పిల్లయితే దీనికి ఇంకో 12,000 కలుస్తుంది.

ఆ 12,000 దేనికో అడిగి చూడండి. జాతి పిల్లికి పుట్టుక వివరాలు రాసిన కాగితాలుంటాయి, ధరకు ఒక ఆధారం ఉంటుంది. మిక్స్ పిల్లకు అలాంటివేమీ ఉండవు. ‘డాల్ ఫేస్’, ‘సెమీ పంచ్’ అని ముఖం ఆకారం గురించి అమ్మేవాళ్లు చెప్పే మాటల మీదే బేరం నడుస్తుంది. పైగా 40 రోజులంటే ఆరు వారాలు కూడా నిండలేదు. 2018 నాటి పెట్ షాపు నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లిపిల్లను అమ్మకూడదు. ఆ వయసులో తల్లిని వదిలిన పిల్ల తిండికి, ఆరోగ్యానికి రెండిటికీ ఇబ్బంది పడుతుంది, ఆ ఇబ్బంది చివరికి మీ డాక్టరు బిల్లులో కనిపిస్తుంది. చూడకుండా అడ్వాన్స్ అసలు పంపకండి. పిల్లి ఫొటోలు పెట్టి, బుకింగ్ అనీ రవాణా ఖర్చనీ విడతలు విడతలుగా యూపీఐలో లాగేసే మోసాలు చాలా ఉన్నాయి. ఇప్పటికే పంపేసి ఉంటే, అనుమానం రాగానే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

ఆడపడుచు ఇంటి పిల్ల పొట్టి బొచ్చు గురించి మీకున్న అనుమానానికి ఒక మాట. పొడవు బొచ్చు గుణం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా అందితేనే పైకి కనిపిస్తుంది. తండ్రి అసలైన పెర్షియన్ అయినా, తల్లి మన ఊరి పిల్లి అయితే పిల్లలు ఎక్కువగా పొట్టి బొచ్చుతోనే పుడతాయి. కాబట్టి వాళ్లు చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. నిజం కాకపోయినా మీకు నష్టమేమీ లేదు. పొడవు బొచ్చును రోజూ దువ్వాలి, లేకపోతే ఉండలు కట్టేస్తుంది, మన ఎండలకు ఆ పిల్లి అల్లాడిపోతుంది. చప్పిడి ముఖం పిల్లులకు కళ్ల నుంచి నీరు కారడం, ఊపిరి ఆడకపోవడం వంటి బాధలుంటాయి. పెర్షియన్ వంశంలో కిడ్నీల్లో నీటి తిత్తులు పెరిగే జబ్బు కూడా ఉంది. అది తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా పిల్లలకు వచ్చే అవకాశం సగానికి సగం. అందుకే తండ్రి పిల్లి ఆరోగ్యం ఎలా ఉందో మీ ఆడపడుచుని అడగండి.

విశాఖ వాళ్లది చెడ్డ బేరం కాదు. మొదటి టీకా, నులిపురుగుల మందు అయిపోయి ఉంటే ఆ 2,000లో చాలా భాగం మీకు తిరిగొచ్చినట్టే. అయితే టీకా వేయించామని నోటితో చెబితే సరిపోదు, పుస్తకం చూపించమనండి. టీకా సీసా మీది చిన్న స్టిక్కర్‌ను ఆ పేజీలో అంటిస్తారు, దాని మీద టీకా పేరు, బ్యాచ్ నంబరు ఉంటాయి, పక్కన తేదీ, డాక్టరు సంతకం ఉండాలి. స్టిక్కర్ లేకుండా పెన్నుతో తేదీ మాత్రం రాసి ఉంటే టీకా పడలేదనే లెక్క వేసుకోండి. ఆడపడుచు ఇంటి పిల్ల ఏ కారణం చేతనైనా కుదరకపోతే అప్పుడు విశాఖ వెళ్లండి.

ఇక డబ్బు ఎలా సర్దాలో చెబుతాను. పిల్లకు ఇప్పుడు ఐదు వారాలు, ఇంకో మూడు వారాలు తల్లి దగ్గరే ఉంచమనండి. వచ్చాక మొదటి మూడు నెలల్లో సామాన్లు 1,500, టీకాలు, మందులు, ఫీజులు 4,100, మూడు ప్రయాణాలు 1,800, తిండి, లిట్టర్ 3,300. మొత్తం 10,700. మీ చేతిలో 5,000, మూడు నెలల మిగులు 7,500 కలిపితే 12,500. అప్పు లేకుండానే గట్టెక్కి 1,800 మిగులుతుంది. లిట్టర్ కొనకుండా ట్రేలో జల్లించిన ఇసుక పోసి, రోజూ శుభ్రం చేసి, రెండు మూడు రోజులకోసారి మార్చేయగలిగితే నెలకు ఇంకో 400 ఆదా. ఆ లెక్కన నాలుగో నెల చివరికి, అంటే పిల్లకు ఆరు నెలలు నిండేసరికి, మీ దగ్గర 4,800 చేరుతుంది. ఆపరేషన్, ప్రయాణం కలిపి 5,600. తక్కువ పడే 800ని ఆ నెల పొదుపు 2,000లోంచి తీసుకోండి. ఆపరేషన్ అంతకంటే వెనక్కి జరపొద్దు. ఆడపిల్లి నాలుగైదు నెలలకే చూలు కట్టగలదు, రెండు నెలలు తిరిగేసరికి ఇంట్లో నాలుగైదు పిల్లలుంటాయి. అప్పటిదాకా బయటికి వదలకుండా చూసుకోండి.

తిండిలో ఆదా చేయొచ్చు గానీ పూర్తిగా పెరుగన్నం మీద పెంచకండి. పిల్లికి టారిన్ అనే పోషకం మాంసం, చేపల నుంచే రావాలి, అది అందకపోతే కళ్లు, గుండె దెబ్బతింటాయి. కొంత ప్యాకెట్ తిండి, కొంత ఉప్పు కారం లేకుండా ఉడికించి ముల్లు తీసిన చేప, కోడిమాంసం పెడితే 700లో సరిపోతుంది. ఎండుచేపల్లో ఉప్పు ఎక్కువ, పెట్టొద్దు. ఒంట్లో వేడిగా ఉందని పారాసెటమాల్ అసలే వేయకండి, పిల్లికి అది విషం, చిన్న ముక్క కూడా ప్రాణం తీస్తుంది. పాపకు గీరుడు పడినా, కరిచినా వెంటనే సబ్బుతో పావుగంట కడిగి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి, రేబీస్ టీకా అక్కడ ఉచితంగా వేస్తారు.

రెండో ఏడాది నుంచి ఖర్చు నెలకు సుమారు 1,300కి దిగుతుంది. లిట్టర్ కొనకపోతే 900. ఇంట్లో పెరిగే పిల్లి పన్నెండు, పదిహేనేళ్లు బతుకుతుంది. కాబట్టి పాప కాలేజీకి వెళ్లిపోయినా ఈ ఖర్చు మీదే, ఆ మాట మీవారితో ముందే మాట్లాడుకోండి. పిల్లులకు ఇన్సూరెన్స్ ఇచ్చే కంపెనీలు తక్కువ, తీసుకునే ముందు జాతి, వయసు షరతులు చదవండి. మీ పరిస్థితిలో దానికంటే సొంత నిధి మేలు. 40,000 ఎఫ్‌డీ మీ కుటుంబానికి రెండు నెలలు కూడా రాదు, పిల్లి కోసం దాన్ని ముట్టొద్దు. ఆపరేషన్ అయ్యాక మిగులులోంచి నెలకు 1,000 చొప్పున జబ్బు ఖర్చులకని విడిగా ఆర్‌డీ వేయండి. పోస్టాఫీసు ఆర్‌డీ ఐదేళ్లది కాబట్టి దీనికి కుదరదు, బ్యాంకులో ఏడాది ఆర్‌డీ చాలు.