ప్రశాంతత సరే, ఆకులు ఊడ్చేదెవరు?

తమ్ముడూ,

నువ్వు టోక్యో నుంచి పంపిన వ్యాసం చదివాను. మీ వీధి చివర చిన్న షింటో (జపాన్ వాళ్ల సొంత మతం) గుడి గురించి రాశావు, బాగుంది, కానీ పేరాకోసారి "ప్రశాంతత" వచ్చిందే తప్ప గుడి మాత్రం నాకు కనబడలేదు. తోరీ గేటు దగ్గర తల వంచడం, గరిటెతో నీళ్లు తీసుకుని ముందు ఎడమ చెయ్యి, తర్వాత కుడి చెయ్యి కడుక్కోవడం, రెండుసార్లు వంగి రెండు చప్పట్లు కొట్టి మళ్లీ ఒకసారి వంగడం, ఇదంతా ఏ గైడు పుస్తకంలోనైనా దొరుకుతుంది. ఒక్క వాక్యంలో తేల్చెయ్. (ఇజుమో గుడిలోలాగా నాలుగు చప్పట్లు కొడుతుంటే మాత్రం అక్కడ ఆగి రాయి.)

ఆ గుడికి రాతి కంచె ఉందా? ఉంటే స్తంభాల మీద దాతల పేర్లు చెక్కి ఉంటాయి, మన గుళ్లలో ట్యూబులైటు మీద రాసుకున్నట్టే. ఇనారి (వరి దేవత) గుడి ఎర్ర తోరీలైతే దాటాక వెనక్కి తిరిగి చూడు, పేరూ తేదీ ఉండేది అటువైపే. చదవడం రాకపోతే ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్ ఉందిగా. అందులో ఏ బియ్యం కొట్టు పేరో దొరికిందనుకో, ఆ కొట్టు ఇంకా ఉందో లేదో వెతుక్కుంటూ వెళ్లు. నీ వ్యాసం అక్కడ మొదలవుతుంది.

చిన్న గుళ్లలో చాలావాటికి పూజారి అక్కడ ఉండడు, ఒక్కడే చుట్టుపక్కల గుళ్లన్నీ చూసుకుంటూ ఉంటాడు. మరి గింకో ఆకులు రాలే రోజుల్లో ఆ వాకిలి ఊడ్చేదెవరు? చాలాచోట్ల ఆ పేటవాళ్లే, అందులోనూ ఎక్కువమంది ముసలివాళ్లు. పొద్దున్నే వెళ్లి పలకరించు, వచ్చీరాని జపనీస్ అయినా ఫర్లేదు, ఊరికే టెన్షన్ పడకు.

కాస్త చరిత్ర కూడా తవ్వు. 1906లో మెయిజీ ప్రభుత్వం చిన్న గుళ్లను పెద్దవాటిలో కలిపెయ్యమంటే, కొన్నేళ్లలోనే వేలకువేలు మాయమయ్యాయి, వాటి తోపులు నరికి కలప అమ్ముకున్నారు. వకయామ ప్రాంతంలో మినకత కుమగుసు అనే జీవశాస్త్రజ్ఞుడు ఆ చెట్ల కోసం పోట్లాడి 1910లో కొన్నాళ్లు జైల్లో కూడా ఉన్నాడు. నీ గుడి ఆ దెబ్బ తప్పించుకుందా, లేక పక్క ఊరి దేవుడు కూడా వచ్చి ఇందులోనే చేరాడా? ఒక్కోచోట గుడి బోర్డు మీదే రాసి ఉంటుంది, నువ్వు దాన్ని ఫొటో తీశావుగానీ చదివినట్టు లేదు.

తిరగరాసి నెలాఖరులోగా పంపు. ఫొటోలు తగ్గించు. ముఖ్యంగా ఆ ఎమా చెక్కపలకల మీద జనం తమ కోరికలు పేర్లతో సహా రాసుకుంటారు, వాటిని దగ్గర్నుంచి తీసి పెట్టకు.