‘లౌకిక’ ఏ అర్థంలో?

సందేహం: ఒక చర్చలో ఒకరు ‘లౌకికవాదం అంటే అన్ని మతాలనూ సమానంగా గౌరవించడం’ అన్నారు. మరొకరు ‘కాదు, ప్రభుత్వం మతాన్ని దూరంగా ఉంచడం’ అని వాదించారు. ఏది ఒప్పు? లౌకికుడంటే లోకం తెలిసినవాడు కదా?

సమాధానం: మీ చివరి ప్రశ్నతో మొదలుపెడదాం. లోకానికి చెందినది లౌకికం. వేదంలోని ప్రయోగాన్ని వైదికమనీ, లోకవ్యవహారంలోని ప్రయోగాన్ని లౌకికమనీ వ్యాకరణాలు విడదీశాయి. ఇదే లోకశబ్దం నుంచి వచ్చిన ‘లౌక్యం’ తెలుగులో నేర్పుగా పని చక్కబెట్టుకునే తెలివి అయింది. లౌకికవాదికీ లౌక్యుడికీ అంతకు మించి చుట్టరికం లేదు.

అసలు చిక్కు రాజ్యాంగంలోనే ఉంది. అక్కడ సెక్యులర్ అనే మాట రెండు చోట్ల రెండు అర్థాల్లో వస్తుంది. మతాచరణతో ముడిపడిన ఆర్థిక, రాజకీయ, ఇతర ‘లౌకిక’ కార్యకలాపాలను చట్టంతో నియంత్రించవచ్చని 25వ అధికరణం 1950 నుంచే చెబుతోంది. ఇక్కడ లౌకికమంటే మతేతరం. గుడిలో అర్చన మతాచారం. గుడి మాన్యాల కౌలు, హుండీ లెక్కలు, దుకాణాల వేలం లౌకిక వ్యవహారాలు. దేవాదాయ చట్టాలు నిలబడింది ఈ విభజన మీదే.

పీఠికలోకి ఈ మాట 42వ సవరణతో వచ్చింది. 1977 జనవరి 3 నుంచి అమలైంది. అక్కడ అది రాజ్యానికి విశేషణం. కానీ నిర్వచనం ఇవ్వలేదు, తగవంతా అందుకే. 1978లో జనతా ప్రభుత్వం 45వ సవరణ బిల్లులో ‘అన్ని మతాల పట్ల సమాన గౌరవం’ అని నిర్వచించబోయింది. రాజ్యసభ ఆ భాగాన్ని ఆమోదించలేదు. మీ మొదటి వక్త చెప్పింది సరిగ్గా అదే. రెండో వక్త మాటకు 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో బలం దొరుకుతుంది: రాజ్యవ్యవహారాల్లో మతాన్ని కలపకూడదని అది గట్టిగా చెప్పింది. అయితే మతాలన్నిటినీ సమానంగా చూడాలనీ ఆ తీర్పులోనే ఉంది. కాబట్టి ఇద్దరిదీ సగం సగం ఒప్పు.

రాజ్యాంగ పీఠిక హిందీ పాఠంలో సెక్యులర్‌కు ‘పంథ్‌నిరపేక్ష్’ అని ఉంది. వాడుకలో ‘ధర్మనిరపేక్ష్’ ఎక్కువ. ఈ రెండో మాటను తెలుగులోకి యథాతథంగా తేకండి. మనకు ధర్మం వేరు, మతం వేరు. ‘ధర్మనిరపేక్షం’ అంటే ధర్మం అక్కర్లేనిదన్న అర్థం వస్తుంది. ‘మతనిరపేక్ష రాజ్యం’ అంటే ఆ పేచీ ఉండదు. ‘మతరహితం’ మాత్రం వద్దు, అది పౌరులకే మతం లేదన్నట్టుంటుంది.

రాసేముందు ఆ విశేషణం దేనికి చేరుస్తున్నారో చూసుకోండి. పనికైతే ‘మతేతర’, రాజ్యానికైతే ‘మతనిరపేక్ష’ లేదా ‘లౌకిక’ సరిపోతాయి. మనిషికి చేర్చినప్పుడే జాగ్రత్త: దేవుణ్ణి నమ్మనివాడు నాస్తికుడు, నిత్యం పూజ చేసుకునేవాడు కూడా లౌకికవాది కావచ్చు. ఇక ‘లౌకిక శక్తులు’ అని వార్తల్లో రాసే బదులు ఆ పార్టీల పేర్లే రాయడం మేలు.